మొదటి గ్లాసు పానకం

ఆ ఏడు శ్రీరామనవమికి మా వీధి పందిట్లో నైవేద్యం పెట్టిన పానకాన్ని రాముడు పుచ్చుకున్నాడా లేదా అన్న అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు. ఎవర్నీ అడగలేదు. పూజారిగారిని అడిగితే నవ్వుతారు, లేకపోతే శాంతి చేయించమంటారు. ఆ రెండూ నాకు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి చేతులు జోడించినప్పుడు మాత్రం ఆ ప్రశ్న నాలుక చివరికి వస్తుంది. తాగావా స్వామీ? తాగితే ఎలా ఊరుకున్నావు? తాగకపోతే మాకెందుకు తెలియజెయ్యలేదు?

ఉక్కు ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్న రోజులవి. మావారు గురునాథరావు పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. మేం వేపగుంటలో, సబ్బవరం వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉండేవాళ్ళం. పెరడు దాటితే మా మామగారి నాటి చిన్న పొలం చెక్క, దాని గట్టు మీద తాటిచెట్లు. వాటిని గీసే వీరన్న సగం చెట్ల కల్లు తను అమ్ముకుని, సగం చెట్ల నీరా మాకు దింపేవాడు. మా ముంతలకి లోపల సున్నం పూసి కట్టేవాడు. సున్నం ఉంటే నీరా పులవదు, తెల్లారేదాకా తియ్యగానే ఉంటుంది. దాన్ని పొద్దున్నే కాచి, బాగా చిక్కబడ్డాక కొబ్బరి చిప్పల్లో పోస్తే తాటిబెల్లం. మా అత్తగారు అలాగే కాచేవారు. నల్లగా, రాయిలా, మధ్యలో బూడిద రేణువులతో ఉండేది. కాఫీలోకి, బాలింతలకి, దగ్గుకి ఏడాదంతా అదే.

అత్తగారు పోయాక ఆ కాపు మావారి చేతికి వచ్చింది. ఇనప పని చేసే మనిషికి పొయ్యి అప్పగిస్తే ఊరుకుంటాడా?

మూడు రాళ్ళ మీద మంట పక్కలకి పోతోందని పొడుగు పొయ్యి కట్టారు. కట్టాక పొగ ఇంట్లోకి కొడుతోందని రేకు గొట్టం నిలబెట్టారు. గొట్టం పెట్టాక మంటని మరీ లాగేస్తోందని, కట్టెలు ఆగడం లేదని దానికో మూత బిగించారు. పొయ్యి కుదిరాక కుండ నచ్చలేదు. లోతు కుండలో నీరు ఇంకడానికి మధ్యాహ్నం అవుతోందట. ఓ రోజు పాత ఓడల సామాను అమ్మే కొట్టు నుంచి తలుపంత పళ్ళెం ఒకటి సైకిలు వెనక కట్టుకుని వచ్చారు. ఏదో ఓడ వంటగదిలోదట.

"ఇందులో ఏటి వండీవోరో," అన్నాను.

"ఏటి వండితే ఏటి, తోమితే పోద్ది."

"తెల్లోళ్ళు ఏటి తింటారో మీకు తెల్దా?"

ఆయన కాసేపు పళ్ళేన్నే చూశారు. "సింతపండేసి తోము," అన్నారు.

చింతపండుతో తోమాను, పసుపునీళ్ళు చల్లాను, కర్పూరం వెలిగించి తిప్పాను. అయినా మొదటి కాపు మేం తినలేదు, వీరన్న మేకకి పెట్టాం. మేక బాగానే ఉంది. ఆ పళ్ళెంలో నీరా గంట తిరక్కుండా చిక్కబడేది. మావారి మొహం చూడాలి అప్పుడు. ఆ సంతోషం ఆదివారం దాకా ఉంది. ఆదివారం నాడు పళ్ళెం మధ్యలో మాడుతోంది, అంచుల్లో కాగడం లేదు అని మళ్ళీ పొయ్యి పడగొట్టారు.

ఇదంతా మావారి పిచ్చి అని వీధిలో నవ్వుతూ చెప్పేదాన్ని. నాకూ ఒక పిచ్చి ఉందని చెప్పేదాన్ని కాదు.

నాకు ఆ నలుపు నచ్చేది కాదు. మంచి పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి నీరాని వడకట్టాను, బూడిద పోయింది. మళ్ళీ వడకట్టాను, సున్నం తేట కూడా పోయింది. అయినా కాగేసరికి నల్లబడేది. ఓ పొద్దున ఆయన బీడీకి లేచి వెళ్ళినప్పుడు గరిటెతో కొంచెం పైకెత్తి చూశాను. ఎండ పడి తేనెలా మెరిసింది. ఇంకా కాస్తే ఆ మెరుపు పోతుంది కదా అనిపించింది.

"ఇప్పుడే దించెయ్యండి," అన్నాను ఆయన రాగానే.

"ఇది గట్టిపడదే. పాకంలాగుండిపోద్ది."

"పాకంలాగే ఉండనీండి. సీసాల్లో పోద్దాం. సూడండి రంగు."

ఆయన చూశారు. ఇక మా ఇంట్లో చిప్పబెల్లం పోయడం ఆగిపోయింది. మూత బిగించే గాజుసీసాలు ఆ ఓడల కొట్టులోనే దొరికాయి. కిటికీ పక్కన వరసగా పెట్టి, వచ్చిన వాళ్ళందరికీ ఎండలో చూపించేవాళ్ళం.

వీరన్నని ఒకసారి అడిగాను, ఇలా పల్చగా దించితే నిలవుంటుందా అని.

"నాను సెట్టెక్కీవోణ్ణి తల్లీ. కాసీపని మా ఆడదాన్ది. దాన్నడిగితే, నీకెందుకా పెత్తనం అని నన్నే తిడతాది," అన్నాడు.

ఆవిణ్ణి మేమూ అడగలేదు.

మా పక్కింటి దొరబాబు పోర్టులో లోడింగు పని చేసేవాడు. నన్ను వదినా అనేవాడు. మంచివాడే. సాయంత్రం అయితే సారా కొట్టు దారి పట్టేవాడు, అదే బాధ. ఆ మాఘమాసంలో వాడి పెళ్ళాం వరహాలు చంటిదాన్ని ఎత్తుకుని సబ్బవరం పుట్టింటికి వెళ్ళిపోయింది. దొరబాబు వెళ్ళి బతిమాలితే మామగారు అర్జునరావు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడట. తర్వాత ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చుని దొరబాబు తల్లి పాపాయమ్మతో అందరి ముందూ చెప్పాడు.

"నీ కొడుకు మాట నాకొద్దప్పా. ఆడు సాలా మాటలు సెప్పినాడు. నవమికి నాను మీ పందిట్లోకి వత్తాను. నలుగురూ బాగున్నాడంటే పిల్లని పంపుతాను. నేదా, మా ఇంట్లో దానికింత కూడుంది."

దొరబాబు రామమందిరంలో కర్పూరం ఆర్పి ఒట్టు వేసుకున్నాడు. వేసుకున్నాక సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక మా పెరట్లోకి వచ్చేవాడు. మా పొయ్యికి తుమ్మకట్టెలు చీలుస్తూ కూర్చునేవాడు. చీకటి పడి సారా కొట్టు మూసేదాకా ఆ గొడ్డలి చప్పుడు ఆగేది కాదు. పొద్దున వీరన్న కల్లు కావిడితో మా పెరట్లోంచి వెళ్తుంటే మాత్రం లేచి పొగ వచ్చే వైపుకి జరిగి కూర్చునేవాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నా అక్కడే.

"ఇంత సాకిరీ సేత్తన్నావు, నీకేటివ్వాలి మరిదీ?" అని అడిగాను ఓసారి.

"నవమి నాడు పానకం మొదటి గ్లాసు నాకే. మావ సూత్తుండగా ఇయ్యాలి," అన్నాడు.

"అలగే. రాముడి తరవాత నువ్వే."

"మాట తప్పితే నీ కట్టెలన్నీ మళ్ళీ అతికించేత్తానొదినా."

మా వీధి నవమి పందిరికి పెద్ద శ్రీరామ్మూర్తి మావయ్య. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి. మా సీసాలు ఎండలో చూసి ఆ ఏడు పానకం బాధ్యత మా ఇంటికి ఇచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అనకాపల్లి బెల్లమే. మావారు మూడు రోజులు నేల మీద నడవలేదు. నేనైతే మొక్కుకున్నాను కూడా, ఇలాంటి పానకం ఏ పందిట్లోనూ నీకు పెట్టి ఉండరు స్వామీ అని. ఆ మొక్కు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. పానకం ఎప్పుడూ పొద్దున్నే కలుపుతారు. ముందురోజు సాయంత్రమే కలిపి ఉంచితే మిరియం, ఏలకి, శొంఠి బాగా దిగుతాయని నాకు తోచింది. మావారికి చెప్తే ఎంత బాగా ఆలోచించావే అన్నారు. కిటికీలో ఒక్కటి ఉంచి మిగతా సీసాలన్నీ గంగాళంలో ఒంపేటప్పుడు మూతలు కొంచెం చప్పుడు చేసుకుంటూ వచ్చాయి. బిగువుగా ఉన్నాయిలే అనుకున్నాం. గంగాళానికి తడిగుడ్డ కట్టి పందిట్లో ఓ మూల పెట్టాం.

నవమి నాడు ఎండ నిప్పులు చెరిగింది. కల్యాణం అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కొబ్బరాకుల పందిరి కింద జనం విసనకర్రలతో, తువ్వాళ్ళతో విసురుకుంటున్నారు. అర్జునరావు ముందు వరసలో తెల్ల పంచెతో కూర్చున్నాడు. కొంచెం వెనక దొరబాబు, తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నాడు. పాపాయమ్మ కొడుకు వైపు చూడ్డం, వియ్యంకుడి వైపు చూడ్డం, ఇదే పని.

నైవేద్యం అయింది. గంట మోగింది. నేను మొదటి గ్లాసు ముంచి, అన్న మాట ప్రకారం అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి దొరబాబుకి ఇచ్చాను. వెనక, పండక్కి వచ్చిన నా చెల్లెళ్ళు మిగతా వాళ్ళకి పంచుతున్నారు. దాహం మీద ఉన్నారేమో, జనం గటగటా తాగేస్తున్నారు.

"సురుక్కుమంటందే. మిరియాలు బాగా దట్టించారు," అంటున్నారు ఎవరో.

"అది మరి గురునాథరావు పాకం," అంటున్నాడు శ్రీరామ్మూర్తి మావయ్య.

మార్కెట్లో చేపలు అమ్మే తాతబాబు రెండో గ్లాసుకి చెయ్యి చాపాడు.

దొరబాబు గ్లాసు కళ్ళకద్దుకున్నాడు. పెదాల దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. ఒక్కసారి నా మొహంలోకి చూసి, వంగి, గ్లాసుని పందిరి గుంజ మొదట్లో పెట్టాడు.

"ఏటయ్యింది?" అన్నాను.

"తరవాత తాగుతానొదినా."

"తరవాతేటి, దేవుడి పానకం."

"ఒద్దొదినా."

విసనకర్రలు ఆగాయి. పాపాయమ్మ లేచి వచ్చి "తాగరా, అందరూ సూత్తన్నారు," అని గొంతు తగ్గించి అంది. శ్రీరామ్మూర్తి మావయ్య వేదిక మీద నుంచే, "ప్రసాదం కాదన్నవాడు ఒట్టేం నిలబెడతాడమ్మా. వదిలెయ్యండి," అన్నాడు. మావారు మొహం మాడ్చుకుని నిలబడ్డారు. ఆయన పానకాన్ని అందరి ముందూ ఒకడు వద్దన్నాడు మరి.

అప్పుడు నేను అన్నాను. ఎవరో అని ఉంటే బాగుండేది, నేనే అన్నాను.

"నోటికి సారా అలవాటైతే తీపెలా ఎక్కుద్దిలే."

చిన్నగానే అన్నాను. ముందు వరసకి వినపడింది. దొరబాబు తల దించుకుని పందిట్లోంచి బయటికి నడిచాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా అర్జునరావు చూశాడు. తర్వాత లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా సబ్బవరం రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. తాతబాబు మూడో గ్లాసు అడుగుతున్నాడు.

పందిరి ఖాళీ అయ్యాక గిన్నెలు సర్దుతుంటే గుంజ దగ్గర ఆ గ్లాసు అలాగే ఉంది. ప్రసాదం తొక్కుళ్ళలో పడకూడదు కదా అని తీశాను. పైన సన్నటి నురుగు వలయం కట్టి ఉంది. అడుగు నుంచి చిన్న చిన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మిరియం, ఏలకి, శొంఠి, వాటి కింద వీరన్న కావిడి వాసన.

నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఇంటికి వెళ్ళేసరికి మావారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. మిగిలిన ఒకే ఒక్క సీసా మూత ఎగిరి గోడకి కొట్టుకుని పడి ఉంది. పాకం పొంగి గోడంతా కారుతోంది.

"ఇంకో పొంగు రానివ్వాల్సింది," అన్నారు ఆయన, గోడ వైపే చూస్తూ. "పల్చగా దించేసాం. ఓ థర్మామీటరు తెచ్చి, దాని మీద గుర్తెట్టుకుని..."

నేను గ్లాసు ఆయన చేతిలో పెట్టాను. వాసన చూసి ఆయన మంచం మీద కూర్చున్నారు. దించెయ్యమన్నది నేనే అని ఆయన అనలేదు. అని ఉంటే తేలికయ్యేది.

సాయంత్రం శ్రీరామ్మూర్తి మావయ్యకి చెప్పాం. ఆయన చాలాసేపు గడ్డం రాసుకున్నాడు.

"గంగాళం కడిగేసెయ్యమ్మా. ఈ మాట ఈ గుమ్మం దాటకూడదు. సీతారాముల పెళ్ళిలో కల్లు పోశారంటే ఈ వీధి పరువేం గానూ? ఆడవాళ్ళు తాగారు, ముసలాళ్ళు తాగారు, ఉపవాసం ఉన్నవాళ్ళు తాగారు."

"మరి దొరబాబు?" అన్నాను.

"వాడికి మెల్లగా నచ్చచెప్దాం."

మేం తల ఊపి వచ్చేశాం. ఆ తల ఊపడం గురించి ఏమని రాయను?

మర్నాటి నుంచి పెరట్లో గొడ్డలి చప్పుడు లేదు. నాకు ఒకటే భయం, వాడు మళ్ళీ కొట్టు దారి పట్టాడేమోనని. పట్టలేదు. షిఫ్టు నుంచి వెనక సందులోంచి వచ్చి తలుపు వేసుకునేవాడు. పాపాయమ్మ మా వైపు చూడ్డం మానేసింది. నాలుగైదు రోజులు చూసి నేనే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. దొరబాబు లోపల బియ్యం ఏరుతున్నాడు.

"నీకు తెలుసు కదా," అన్నాను.

వాడు చేట పక్కన పెట్టాడు. "ముక్కు కాడికొచ్చేతలికే తెలిసిపోనాదొదినా. నాకు తెల్కపోతే ఇంకెవుడికి తెలుత్తాది?"

"అక్కడే ఎందుకు సెప్పనేదు?"

"ఏటని సెప్పమంటావు? రాముడి పందిట్లో గురునాథరావన్న కల్లు పోసినాడనా? మీ పేరు సెడతాది. నా పేరంటావా, అదెప్పుడో సెడింది, కొత్తగా పోయిందేటుందిలే అనుకున్నాను." గుమ్మం వైపు చూసి అన్నాడు. "మావ లెగిసెల్లిపోతాడనుకోనేదు."

నేను అన్న మాట గురించి వాడు ఎత్తలేదు. నేనే ఎత్తబోయి మానేశాను. వాడు మళ్ళీ చేట అందుకున్నాడు.

మర్నాడు బస్సెక్కి సబ్బవరం వెళ్ళాను. వరహాలు పెరట్లో పిల్లకి నీళ్ళు పోస్తోంది. తప్పు మాదేనని, వాడు ఒట్టు నిలబెట్టుకోడానికే గ్లాసు దించాడని అంతా చెప్పాను. మొత్తం విన్నది. పిల్లకి ఒళ్ళు తుడిచి, చంకనేసుకుని అప్పుడు మాట్లాడింది.

"నాను నమ్ముతాను వదినా. ఆడు సెడ్డోడు కాడని నాకు తెల్దేటి? కానీ మా నాయిన నలుగుర్లో ఇన్నాడు. నలుగుర్లో అన్న మాట నాకొక్కదానికి పెరట్లోకొచ్చి సెప్తే ఏటి నాభం? నువ్వు అక్కడన్నావు, అక్కడే సెప్పు."

దానికి కోపం లేదు. కూరలో ఉప్పు తగ్గింది అన్నట్టు చెప్పింది. దారంతా ఆ మాటే నా పక్కన కూర్చుని వచ్చింది.

ప్రతి శనివారం మందిరంలో భజన ఉండేది. అర్జునరావుని రమ్మని కబురు పెట్టాను. వస్తాడనుకోలేదు, వచ్చి గడప బయట నిలబడ్డాడు. దొరబాబు రాలేదు. పాపాయమ్మ స్తంభం చాటున కూర్చుంది. మావారికి ముందే చెప్పాను. ఆయన కాదనలేదు, నాతో పాటు వచ్చి మగవాళ్ళ వైపు అందరికన్నా వెనక నిలబడ్డారు.

హారతి అయ్యాక నేను లేచాను. ఎనిమిదో తరగతిలో పద్యం మరిచిపోయి నిలబడ్డ దాన్ని నేను, పదిమందిలో మాట్లాడ్డం అదే ఆఖరు.

"నవమి నాడు..." అన్నాను. శ్రీరామ్మూర్తి మావయ్యకి అర్థమయింది. తాళాలు అందుకుని గోవిందా అని గట్టిగా ఎత్తాడు. కొందరు అందుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. ఆ గోవింద అయిపోయింది. ఇంకోటి ఎత్తాడు. అదీ అయిపోయింది. మూడోదానికి ఆయనకే ఊపిరి చాల్లేదు.

"నవమి నాడు మా ఇంటి పానకం పులిసిపోయింది. అది కల్లు. మేం చూసుకోలేదు. దొరబాబుకి తెలిసింది, అందుకే తాగలేదు. మా పరువు పోతాదని మాట్లాడలేదు. నేను వాణ్ణి అనరాని మాట అన్నాను. అది తప్పు. వాడు ఒట్టు తప్పలేదు."

ఇంతే. ఇంకా ఏదో అనుకుని వెళ్ళాను గానీ, ఇంతే వచ్చింది.

ఓ ముసలావిడ గబుక్కున లేచి బయటికి వెళ్ళి వాంతి చేసుకోబోయింది, అప్పటికి పది రోజులు గడిచిపోయాక. అప్పుడు తాతబాబు వెనక నుంచి అన్నాడు.

"అదా సంగతి. మూడో గ్లాసుకి రాముడు నన్ను సూసి నవ్వినట్టు కనపడితే, ఆహా నా భక్తి పండిందనుకున్నాను."

మందిరం అంతా నవ్వింది. తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ నవ్వుకి మావారు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. తల ఎత్తి గడప వైపు చూస్తే అర్జునరావు కూడా లేడు.

మళ్ళీ శుక్రవారం నేను వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే సబ్బవరం బస్సు ఆగింది. ముందు ఒక రేకు పెట్టె దిగింది, తర్వాత చంటిదానితో వరహాలు. నన్ను చూసి తల ఊపింది. పక్కింటి తలుపు తెరుచుకుంది. కాసేపటికి పాపాయమ్మ ఏడుపు వినపడింది, ఆ తర్వాత చంటిదాని ఏడుపు.

మావారు ఓడ పళ్ళేన్ని తోమించి గోడకి మేకు కొట్టి తగిలించారు. గొట్టం పీకేశారు. మళ్ళీ మూడు రాళ్ళు, మట్టి కుండ. వీరన్న పెళ్ళాన్ని పిలిచి, ఎంతసేపు కాచాలో ఆవిడ చేత తిట్లు తింటూ నేర్చుకున్నాం. నల్లగా, రాయిలా వచ్చింది, బూడిదతో సహా. దాన్ని మా కాఫీకే వాడుకున్నాం. పందిట్లోకి మళ్ళీ అనకాపల్లి బెల్లం వచ్చింది. మా ఇంటి నుంచి పానకానికి నీళ్ళు కూడా తీసుకునేవారు కాదు. శ్రీరామ్మూర్తి మావయ్య మా గుమ్మం ముందు నుంచి గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళేవాడు. పోర్టులో మావారికి పానకాలరావు అని పేరు పెట్టారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అదే అసలు పేరనుకునేవారు.

దొరబాబు మాత్రం సాయంత్రాలు కట్టెలు చీల్చడానికి మళ్ళీ వచ్చేవాడు. ప్రతి నవమికీ పందిట్లో ఎవరు గ్లాసు చాపినా ఒకటే మాట.

"నాకొక గ్లాసు బాకీ ఉంది. అది తాగాక మీది తాగుతాను."

నవ్వుతూనే అనేవాడు. నేను వినపడనట్టు వడపప్పు పంచుతూ ఉండేదాన్ని. అలా చాలా నవములు వెళ్ళిపోయాయి. చంటిది బళ్ళో చేరింది. ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ మా డాబా మీదకి కూడా కనపడ్డం మొదలైంది.

అప్పుడు ఓ ఫాల్గుణంలో శ్రీరామ్మూర్తి మావయ్య గొడుగు మడిచి మా అరుగు మీద కూర్చున్నాడు. బాగా పెద్దవాడైపోయాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఈ ఏడు పానకం మీరు పెట్టండమ్మా," అన్నాడు.

"అనకాపల్లి బెల్లం తెప్పిస్తాను మావయ్యా."

"అదెందుకు? మీ నల్లబెల్లం లేదా?" గొడుగు అందుకుని లేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆ రోజు నేను తాళాలు వాయించకుండా ఉండాల్సింది."

ఆ ఏడు కాపు మొదలైన రోజు మావారు పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఈ రాయి కొంచెం అటు జరిపితే..." అన్నారు. నేను ఆయన వైపు చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గోడ మీద పళ్ళేన్ని మాత్రం వెళ్తూ వస్తూ చూసేవారు. నిజం చెప్పాలంటే నేనూ చూసేదాన్ని.

నవమి పొద్దున్నే స్నానం చేసి, బెల్లాన్ని రోట్లో నలగ్గొట్టి, అప్పటికప్పుడు పానకం కలిపాను. బురదనీళ్ళలా ఉంది. నైవేద్యం అయ్యాక మొదటి గ్లాసు ముంచి, మళ్ళీ అలాగే అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళాను. దొరబాబు తన కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. వెనక వరహాలు. దొరబాబు గ్లాసు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాడు కావాలనే మరో రెండు క్షణాలు అలా ఉంచాడు. తాతబాబు దగ్గాడు.

అప్పుడు తల పైకెత్తి, ఆగకుండా మొత్తం తాగాడు. మూతి తుడుచుకుని గ్లాసు నా చేతికి ఇచ్చాడు.

"మిరియం ఇంకొంచెం పడాల్సిందొదినా," అన్నాడు.

నా వెనక మావారు "వచ్చే ఏడు..." అని మొదలుపెట్టారు.

నేను వెనక్కి తిరగలేదు. గ్లాసు వంచి చూశాను. రాముడి సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గ్లాసులో మాత్రం ఏమీ మిగల్లేదు, అడుగున ఒక్క బూడిద రేణువు తప్ప.